పుట సంఖ్య అడగండి: తెలుగు శాఖల ఆచార్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు శాఖల అధ్యక్షులకు, పాఠ్యప్రణాళికా సంఘాల సభ్యులకు, పరిశోధన పర్యవేక్షకులకు నమస్కారం.

నేను ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో రిఫరెన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. పరిశోధక విద్యార్థులు పుస్తకాల కోసం, పాత పత్రికల కోసం, ఆఖరున సిమిలారిటీ రిపోర్టు (తమ రాత ఇతర రచనలతో ఎంత శాతం కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చూపే పత్రం) కోసం వచ్చేది మా దగ్గరికే. అందువల్ల వాళ్ల అధ్యాయాలు మీ బల్ల మీదికి చేరకముందో, మీ దగ్గర్నుంచి తిరిగొచ్చాకో నా కంట పడుతుంటాయి. వాటిలో పాదసూచికలు (ఫుట్‌నోట్లు), ఉపయుక్త గ్రంథసూచి ఉంటున్న తీరు చూసి, ఇక మీకు చెప్పకుండా ఉండలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కోరేది ఒక్కటే. తెలుగులో పరిశోధన చేసే పిల్లలకు ఆధారాలు ఎలా చూపాలో తెలుగు పుస్తకాలు, తెలుగు పత్రికలు, తెలుగు శాసనాలు ముందు పెట్టి ఎం.ఏ. నుంచే నేర్పండి. దానికి అన్ని శాఖలూ ఒప్పుకున్న ఒక పద్ధతిని రాసి, చిన్న పుస్తకంగా వేసి వాళ్ల చేతికివ్వండి.

ఇప్పుడు వాళ్లకు తెలిసింది శాతం మాత్రమే. ‘మేడమ్, పది లోపు వచ్చిందా?’ అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న కూడా. ఈ పది ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తెలుసు. గ్రంథచౌర్యం నివారణ కోసం యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లో నిబంధనలు తెచ్చింది. పోలిక పది శాతం వరకు ఉంటే శిక్ష లేదు. పది దాటి నలభై వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. నలభై దాటి అరవై వరకు ఉంటే ఏడాది పాటు సమర్పించే వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ లెక్క ప్రతి విద్యార్థికీ కంఠతా వచ్చు. అవే నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది: ఆధారాలు సరిగ్గా చూపడం ఎలాగో విద్యార్థులకు నేర్పే బాధ్యత విద్యాసంస్థదే, దాన్ని కోర్సులో తప్పనిసరి భాగంగా పెట్టాలి అని. శిక్షల సంగతి పిల్లల దాకా చేరింది, నేర్పే సంగతి చేరలేదు.

ఇంకో విషయం వింటే మీకూ బాధ కలుగుతుంది. కొటేషన్‌లో పెట్టి, ఆధారం చూపిన భాగాన్ని ఆ లెక్కలోంచి మినహాయించాలని నిబంధనల్లోనే స్పష్టంగా ఉంది. గ్రంథసూచికీ, విషయసూచికకూ, ముందుమాటకూ, కృతజ్ఞతలకూ అదే మినహాయింపు. ఇది తెలియక పిల్లలు ఏం చేస్తున్నారంటే, శాతం తగ్గించడానికి కొటేషన్‌లోని మాటలే మార్చేస్తున్నారు. విమర్శకుడు ‘కవి’ అన్నచోట ‘రచయిత’ అని, ‘ఆగ్రహం’ అన్నచోట ‘కోపం’ అని పెట్టి, కొటేషన్ గుర్తులు తీసేసి, పాదసూచిక కూడా ఎత్తేస్తారు. నిజాయితీగా ఉన్న వాక్యం ఆ క్షణంలోనే దొంగ వాక్యం అవుతోంది. శాతం మాత్రం తగ్గుతుంది. పిల్లవాడు ఊపిరి పీల్చుకుంటాడు, టెన్షన్ తీరిపోతుంది.

తెలుగు విషయంలో ఆ శాతానికి అసలు అర్థమే ఉండని సందర్భాలు చాలా ఉన్నాయి. మన థీసిస్‌లు ఇప్పటికీ చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో తయారవుతున్నాయి. తెర మీద చక్కటి తెలుగులా కనిపిస్తుంది గానీ, యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే అక్షర సంకేత పద్ధతి) కాదు కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు అది తెలుగు కాదు, ఏవో గుర్తుల వరస. దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధగంగలో ఉన్న మన పాత థీసిస్‌లు కూడా ఎక్కువగా స్కాన్ చేసిన బొమ్మలో, అదే అను ఫాంటు ఫైళ్లో. ఇటు చూసినా అటు చూసినా యంత్రానికి అక్షరం అందదు. కనుక ఇరవై ఏళ్ల కిందటి థీసిస్‌లోంచి ఒక అధ్యాయం మొత్తం ఎత్తి రాసినా రిపోర్టు శుభ్రంగా రావచ్చు. నా ముందు పెట్టిన ఆ కాగితం మీద సంతకం చేయాల్సి వచ్చినప్పుడల్లా, పరిశోధన సరిగ్గా జరిగిందని మనం దేన్ని చూసి అనుకుంటున్నామా అనిపిస్తుంది.

ఆధారం చూపడం నేరం నుంచి తప్పించుకునే ఉపాయమని పిల్లలు అనుకుంటున్నంతకాలం ఇది మారదు. చదివేవాడు కావాలంటే అదే పుస్తకం తెరిచి, అదే పుటలో, అదే వాక్యాన్ని తన కళ్లతో చూడగలగాలి. పాదసూచిక ఉన్నది అందుకే. అది ఎప్పుడు ఒంటబడుతుందంటే, విద్యార్థి ఒక్కసారైనా ఒక మాటను దాని మూలం దాకా వెతుక్కుంటూ వెళ్లినప్పుడు.

‘దేశభాషలందు తెలుగు లెస్స’ తీసుకోండి. భాష మీద రాసిన ఏ వ్యాసం తెరిచినా మొదటి పేజీలోనే ఉంటుంది. ‘అని శ్రీకృష్ణదేవరాయలు అన్నాడు’ అని రాసి ముందుకెళ్లిపోతారు. ఆధారం అడిగితే ‘ఆముక్తమాల్యద’ అని ఒక్క మాట. ఏ ఆశ్వాసమో, ఎన్నో పద్యమో, ఎవరు వేసిన ప్రతో ఉండదు. తెరిచి చూస్తే అది ప్రథమాశ్వాసంలో ఉంటుంది. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు రాయల కలలో కనిపించి చెప్పే పద్యం అది. అంటే కావ్యంలో ఆ మాట అన్నది రాయలు కాదు, రాయలతో దేవుడు అన్నాడు. అది ఒక సంగతి. ఇంకొంచెం వెతికితే అదే పాదం రాయల కంటే ముందే వచ్చిన ‘క్రీడాభిరామం’లో, ‘జనని సంస్కృతంబు’ అని మొదలయ్యే పద్యంలో కనిపిస్తుంది. ఆ క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అన్నది పండితులు ఏనాటి నుంచో వాదించుకుంటున్న విషయం. ఒక్క పాదానికి సరైన ఆధారం వెతకబోయిన విద్యార్థికి రెండు కావ్యాలు, ఒక కర్తృత్వ వివాదం, ఒక కవి మాటను ఇంకో కవి ఎలా వాడుకున్నాడన్న ప్రశ్న దొరుకుతాయి. అది చిన్న పరిశోధనా పత్రానికి సరిపడా సరుకు. ‘రాయలు అన్నాడు’ అని రాసి పుట తిప్పిన పిల్లవాడికి ఇదంతా దక్కకుండా పోతోంది.

అలాంటిదే నికోలో డి కాంటి సంగతి. పదిహేనో శతాబ్దంలో విజయనగరం చూసిన ఈ వెనిస్ యాత్రికుడు తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అన్నాడని రాయని విద్యార్థి అరుదు. కాంటి తన యాత్ర గురించి చెబుతుంటే లాటిన్‌లో రాసిపెట్టినవాడు పోజియో బ్రాచియోలిని. దాని ఇంగ్లీషు అనువాదం 1857లో, పాత యాత్రాగ్రంథాలు ప్రచురించే హక్లూయిట్ సొసైటీ వేసిన సంపుటిలో ఉంది. ఆ పుస్తకం ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. కాంటి మాటను ఉదహరించిన ఏ విద్యార్థి వ్యాసంలోనూ ఆ అనువాదం పుట సంఖ్య నేను చూడలేదు. అందరూ ఒకరి వ్యాసంలోంచి ఒకరు తీసుకున్నవారే. మీ తరగతిలో ఒక్క వారం ఇదే పని పెట్టండి: ‘కాంటి ఆ మాట ఎక్కడ అన్నాడు, పుట చూపించండి.’ దొరికినా, దొరక్కపోయినా ఆ వారంలో వాళ్లు నేర్చుకునేది ఇంకే పాఠంలోనూ రాదు.

కలమళ్ళ శాసనం తొలి తెలుగు శాసనమని, అది క్రీ.శ. 575 నాటిదని మరో వాక్యం. దీనికి ఆధారంగా దినపత్రిక ఆదివారం అనుబంధాన్నో, పోటీ పరీక్షల గైడునో చూపిస్తారు. శాసన పాఠం, దాని మీద చర్చ శాసనాలను ప్రచురించే ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో ఉన్నాయి. అది తెరిచిన విద్యార్థికి మొదట తెలిసేది శాసనంలో సంవత్సరం చెక్కి లేదన్న సంగతి. 575 అనేది లిపిని బట్టి, రేనాటి చోళుల చరిత్రను బట్టి పండితులు కట్టిన అంచనా. అంచనా అయినప్పుడు అది ఎవరి అంచనానో చెప్పాలి. గైడులో చదివితే అది రాయి మీద రాసి ఉన్న నిజంలా కనిపిస్తుంది. ఒకరి చేతిలోంచి మరొకరు తీసుకున్న మాటను ఉదహరించడం తప్పేం కాదు. మూల గ్రంథం దొరకనప్పుడు ‘ఫలానావారి గ్రంథంలో ఉదహరించినట్లు’ అని రాస్తే సరిపోతుంది. ఆ ఒక్క ముక్క రాయడం ఎవరూ నేర్పకపోవడం వల్ల, తాము చూడని పుస్తకాలను చూసినట్టుగా పిల్లలు గ్రంథసూచిలో ఎక్కిస్తున్నారు.

ఇక మన పుస్తకాల తీరు గురించి. ఆధారాలు చూపడానికి ఇంగ్లీషు విభాగం వాళ్లు ఎంఎల్ఏ అనే పద్ధతి పట్టుకుంటారు, సోషల్ సైన్సెస్ వాళ్లు ఏపీఏ అనే పద్ధతి పట్టుకుంటారు. మన పిల్లలు ఆ రెంటిలో ఏదో ఒకటి తెచ్చి తెలుగు పుస్తకాల మీద రుద్దుతున్నారు. మొదటి తంటా రచయిత పేరు దగ్గరే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అసలు పేరు తర్వాత. ఆ పద్ధతుల్లో చివరి మాటను ఇంటిపేరు అనుకుని ముందుకు తెస్తారు. దాంతో గిడుగు వెంకట రామమూర్తిగారు ఒకే గ్రంథసూచిలో ఒకచోట ‘గ’ కింద, ఒకచోట ‘వ’ కింద, ఇంకోచోట ‘ర’ కింద ముగ్గురు మనుషులుగా ఉంటారు. ఇంగ్లీషులో రాసే విద్యార్థి శ్రీశ్రీని రెండు ముక్కలు చేసి ‘శ్రీ, ఎస్.’ అని పెడతాడు. ఆరుద్ర అని కలంపేరు పెట్టాలా, భాగవతుల సదాశివ శంకరశాస్త్రి అని అసలు పేరు పెట్టాలా? చాసో అనాలా, చాగంటి సోమయాజులు అనాలా? గ్రంథాలయాల కార్డుల్లో ఒక రకంగా ఉంది, అచ్చయిన థీసిస్‌ల్లో వేరే రకంగా ఉంది. నా అభిప్రాయం అడిగితే పుస్తకం మీద ఎలా ఉంటే అలాగే, కామా పెట్టకుండా, ఇంటిపేరుతో మొదలుపెట్టి రాయాలి. కలంపేరుంటే కలంపేరే ఇచ్చి పక్కన కుండలీకరణాల్లో అసలు పేరు పెట్టాలి. మీరు వేరేలా నిర్ణయించినా నాకు అభ్యంతరం లేదు. అందరికీ ఒకటే ఉంటే చాలు.

తర్వాత ముద్రణ వివరాల పుట. తెలుగు పుస్తకాలు ఎన్నో రచయితలే సొంత డబ్బుతో వేసుకున్నవి. ఆ పుటలో ‘ప్రతులకు’ అని ఉండి, కింద విశాలాంధ్ర అనో, నవోదయ అనో పుస్తకాల షాపుల పేర్లుంటాయి. విద్యార్థి ఆ షాపునే ప్రచురణకర్తగా రాసేస్తాడు. ప్రచురణకర్తగా రచయిత భార్య పేరు ఆ పైనే ఉంటుంది, అది చూడడు. ‘ప్రథమ ముద్రణ 1968, పునర్ముద్రణ 2004’ అని ఉంటే తాను చదివిన 2004 ప్రతి పుట సంఖ్య వేసి, సంవత్సరం మాత్రం 1968 వేస్తాడు. ఆ 1968 ప్రతి పట్టుకుని వెతికేవారికి ఆ పుటలో ఆ మాట ఉండదు. ఇంకా కొత్తగా వచ్చిన తంటా స్కాన్ ప్రతులతో. పీడీఎఫ్‌లో 58 అని కనిపించే పేజీ, పుస్తకంలో 42వ పుట అయి ఉండవచ్చు. అట్టలు, పీఠికలు, ఖాళీ పుటలు అన్నీ కంప్యూటర్ లెక్కలోకి వస్తాయి మరి. రెండింటిలో ఏది రాయాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఒకే వ్యాసంలో రెండు రకాల లెక్కలూ ఉంటున్నాయి.

ముద్రణ ఏదో చెప్పకపోతే వాదనే తలకిందులయ్యే గ్రంథాలూ ఉన్నాయి. ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు 1897లో వచ్చింది. గురజాడ దాన్ని బాగా మార్చి, పెంచి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మధురవాణి పాత్ర ఇప్పుడు మనకు తెలిసినంత పెద్దదైంది రెండో దానిలోనే. అయినా ‘1897 నాటి కన్యాశుల్కంలో మధురవాణి’ అని శీర్షిక పెట్టి, లోపల మాటలన్నీ రెండో కూర్పులోంచి తీసిచూపిన అధ్యాయం నేను చదివాను. ఆ అమ్మాయి తెలివితక్కువది కాదు. రెండు కూర్పులున్నాయని, ఏది వాడితే అది చెప్పాలని ఆ మూడేళ్లలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పత్రికల తేదీల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా దగ్గర ఎక్కువ సమయం పోయేది అక్కడే. 1924 జనవరిలో మొదలైన ‘భారతి’ గానీ, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు గానీ తెలుగు సంవత్సరాల పేర్లతో వచ్చేవి. పాత వ్యాసాల్లో ‘భారతి, రుధిరోద్గారి, పుష్యం’ అని ఆధారం ఉంటుంది. విద్యార్థి దాన్ని ఉన్నదున్నట్టు తన పాదసూచికలోకి ఎత్తుకుంటాడు. రుధిరోద్గారి అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1863-64లో వచ్చింది, 1923-24లో వచ్చింది, 1983-84లోనూ వచ్చింది. పోనీ 1923 అని రాద్దామా అంటే, ఉగాదితో మొదలయ్యే ఏడాది రెండు ఇంగ్లీషు సంవత్సరాల్లోకి వస్తుంది. రుధిరోద్గారి పుష్యం అంటే 1923 కాదు, 1924. ఇది లెక్కగట్టడం కష్టమేమీ కాదు, ఒక్క గంట పాఠం. తెలుగు సంవత్సరం, మాసం రాసి పక్కనే ఇంగ్లీషు నెల, ఏడు, సంపుటి, సంచిక, పుట ఇవ్వాలన్న నియమం ఒకటి ఉంటే చాలు. మా బీరువాల్లో ఆ సంచిక తీయడానికి రెండు నిమిషాలు పడుతుంది. నియమం లేకపోతే ఒక్కోసారి పూట గడిచిపోతుంది.

పీహెచ్‌డీ కోర్సువర్కులో ‘రిసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్’ అని రెండు క్రెడిట్ల పేపరును యూజీసీ 2019లో తప్పనిసరి చేసింది. ముప్పై గంటల పాఠం. మంచి పనే. కానీ అందులో పిల్లలు పత్రికల స్థాయిని కొలిచే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఏమిటో, పరిశోధకుల స్థాయిని కొలిచే హెచ్-ఇండెక్స్ ఎలా లెక్కిస్తారో నేర్చుకుంటున్నారు. అది నేర్చుకున్న తెలుగు విద్యార్థికి తాళపత్ర ప్రతిని ఎలా ఉదహరించాలో తెలియదు. కావ్యానికి ఆశ్వాసం, పద్య సంఖ్య ఇవ్వాలని, ఆ సంఖ్యలు ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉంటాయి కనుక ప్రతి పేరు కూడా ఇవ్వాలని తెలియదు. ఇంతకుముందు ఎం.ఫిల్. ఉండేది. అందులో చిన్న అంశం మీద పనిచేస్తూ, చేతులు కాల్చుకుంటూ, దిద్దుకుంటూ ఈ పని నేర్చుకునేవారు. 2022 నిబంధనలతో ఎం.ఫిల్. పోయింది. ఆ శిక్షణ ఎక్కడ జరగాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు. అందుకే ఎం.ఏ.లోనే మొదలుపెట్టమంటున్నాను.

అన్నింటికంటే నన్ను బాధపెట్టేది జానపద సాహిత్యం మీద వస్తున్న థీసిస్‌లు. అందులో ఒగ్గుకథలుంటాయి, జముకుల కథలుంటాయి, దంపుళ్ల పాటలు, పెళ్లి పాటలు ఉంటాయి. పాట కింద ‘సేకరణ: పరిశోధకుడు’ అని ఉంటుంది. పాడిన మనిషి పేరుండదు. అదే పుటలో జానపదం అంటే ఏమిటో నిర్వచించిన ఆచార్యుడికి పేరు, గ్రంథం, పుట అన్నీ సక్రమంగా ఉంటాయి. ఆ ఆచార్యుడి పుస్తకం ఎన్నో గ్రంథాలయాల్లో దొరుకుతుంది. ఆ పాట మాత్రం ఆ ముసలామె గొంతులో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఆమె పోయాక ఆ థీసిస్ ఒక్కటే దానికి సాక్ష్యం. అందులో ఆమె లేదు.

పాడినవారి పేరు, వయసు, చేసే పని, ఊరు, మండలం, జిల్లా, రికార్డు చేసిన తేదీ, ఆ సమయంలో పక్కన ఇంకెవరు అందుకున్నారు, పేరు వేయడానికి ఆమె ఒప్పుకుందా లేదా ఇవన్నీ ఉండాలి. తేదీ ఎందుకంటే, ‘వరంగల్ జిల్లా’ అని 1990లో రాసిన ఊరు ఇవాళ జనగామలో ఉండొచ్చు, మహబూబాబాద్‌లోనో ములుగులోనో ఉండొచ్చు. 2016లో తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. మండలం, తేదీ లేని ఊరి పేరుతో ఆ కుటుంబాన్ని మళ్లీ వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో, తాత పాట తన దగ్గర లేదని మా గ్రంథాలయానికి వచ్చిన ఒక కళాకారుడి మనవడిని చూశాక నాకు అర్థమైంది. ఒక థీసిస్‌లో ఆయన తాత పాడిన కథ నలభై పుటలుంది. ఊరి పేరుంది. తాత పేరు లేదు. మనవడు ఆ పుటలు జిరాక్స్ తీసుకుని వెళ్లాడు. ఆ కథ తమ ఇంటిదేనని ఎవరైనా అడిగితే రుజువు చేసుకోవడానికి ఆయన చేతిలో కాగితం లేదు. ఇది మాత్రం వచ్చే ఏడాది దాకా ఆగే పని కాదు. పాడినవారి వివరాల పట్టిక లేని జానపద థీసిస్‌ను ఇకమీదట తీసుకోవద్దు.

కొత్తగా వచ్చిన ప్రమాదం గురించి క్లుప్తంగా చెబుతాను. చాట్‌జీపీటీ లాంటి వాటిని అడిగి గ్రంథసూచి తయారుచేసుకుంటున్నవారున్నారు. ‘భారతి, మార్చి 1996’ సంచిక కావాలని ఒకరు చీటీ రాసిచ్చారు. భారతి 1991లోనే ఆగిపోయింది. వ్యాసం పేరు నమ్మేలా ఉంది, రచయిత పేరూ నమ్మేలా ఉంది, పత్రిక మాత్రం అప్పటికి లేదు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇలాగే లేని తీర్పులను ఉదహరించిన లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. అక్కడ అవతలి పక్షం లాయర్లు ఆ తీర్పుల కోసం వెతికారు కాబట్టి బయటపడింది. మన దగ్గర వెతికేవాళ్లు ఎవరు?

ఈ తప్పులన్నిటికీ పిల్లలను తిట్టడం నాకు ఇష్టం లేదు. వాళ్లలో చాలామంది తమ ఇంట్లో పీజీ దాకా వచ్చిన మొదటివాళ్లు. ఫెలోషిప్ డబ్బులు నెలల తరబడి రాకపోతే ట్యూషన్లు చెప్పుకుంటూ, గెస్ట్ లెక్చరర్‌గా తిరుగుతూ రాస్తున్నారు. చేతిరాత ప్రతి ఇస్తే డీటీపీ చేసే అబ్బాయి పాదసూచికల సంఖ్యలు కలిపేస్తాడు. పర్యవేక్షకుల సూచన మీద ఒక పేరా రెండు పుటలు వెనక్కి జరిగితే, దాని కింద ఉన్న ‘పై గ్రంథం, పుట 45’ అనేది ఇంకో పుస్తకం కింద పడుతుంది. అప్పటిదాకా సరిగ్గా ఉన్న ఆధారం అబద్ధమైపోతుంది. అందుకే ‘పై గ్రంథం’, ‘పూర్వోక్తం’ అనే మాటలను థీసిస్‌లలోంచి తీసేయాలని, ప్రతిసారీ రచయిత, గ్రంథం, పుట పొట్టిగానైనా మళ్లీ రాయమనాలని నా గట్టి అభిప్రాయం. కాగితం కాస్త ఎక్కువవుతుంది, అంతే.

మీరు చేయగలిగినవి ఉన్నాయి. ఉస్మానియా, ఆంధ్ర, కాకతీయ, శ్రీవేంకటేశ్వర, నాగార్జున, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం, బయట మద్రాసు, బనారస్ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు కలిసి కూర్చుంటే రెండు మూడు రోజుల్లో తేలే పని ఇది. యాభై అరవై పుటల పుస్తకం చాలు. అందులో నియమాల కంటే ఉదాహరణలు ఎక్కువ ఉండాలి. ఒక కావ్యం, ఒక నవల పునర్ముద్రణ, ఒక భారతి వ్యాసం, ఒక శాసనం, ఒక తాళపత్రం, ఒక ఉగాది సంచిక, ఒక ఇంటర్వ్యూ, ఒక జానపద గాయని పాట, ఒక యూట్యూబ్ ప్రసంగం, ఇలా ఒక్కోదానికి పాదసూచిక ఎలా ఉండాలో, గ్రంథసూచిలో ఎలా ఉండాలో రాసి చూపాలి. యూనికోడ్‌లో టైపు చేయడం తప్పనిసరి అని అందులోనే పెట్టండి. అప్పుడు సాఫ్ట్‌వేర్ రిపోర్టుకూ కొంత విలువ వస్తుంది.

ఎం.ఏ. రెండో ఏడాదిలో ఒక పేపరులో సగం మార్కులు దీనికే ఇవ్వండి. పరీక్ష హాలులో కాదు, గ్రంథాలయంలో పెట్టండి. ఒక అచ్చయిన వ్యాసం ఇచ్చి, అందులోని పాదసూచికలు పట్టుకుని మూలాలు వెతికి, సరిపోయినవి ఏవి, సరిపోనివి ఏవి అని రాయమనండి. పుస్తకాలు తీసిచ్చే పని మేం చేస్తాం. మా సిబ్బంది తక్కువే, అయినా ఆ గంటలు మాకు భారం కావు.

చివరగా పరీక్షకులుగా వెళ్లే ఆచార్యులకు ఒక విన్నపం. వైవా (మౌఖిక పరీక్ష) రోజున థీసిస్‌లోంచి మీకు తోచిన అయిదు పాదసూచికలు ఎంచుకోండి. ఆ అయిదు పుస్తకాలు, లేదా ఆ పుటల నకళ్లు అప్పటికప్పుడు బల్ల మీద పెట్టమనండి. అలా అడుగుతామని మాత్రం విద్యార్థికి నెల ముందే చెప్పండి. రికార్డు చేసిన పాటైతే ఆ రికార్డు వినిపించమనండి. ఏ అయిదో ముందుగా చెప్పకండి. అలా అడుగుతారని తెలిస్తే విద్యార్థి మూడేళ్లూ పుట సంఖ్య రాసుకుంటూ చదువుతాడు, పర్యవేక్షకులు కూడా సంతకం పెట్టే ముందు ఒకసారి తెరిచి చూస్తారు. దీనికి యూజీసీ అనుమతి అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే నెల జరిగే వైవాలోనే మొదలుపెట్టవచ్చు.

భవదీయురాలు,
ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయ రిఫరెన్స్ విభాగం ఉద్యోగిని